కవెంట్రీ కారుకు గుండెమార్పిడి

ఇంగ్లండు వెళ్ళి వచ్చినవాళ్ళు లండను ముచ్చట్లు చెబుతారు. సాహిత్యాభిమానులైతే షేక్స్‌పియరు పుట్టిన స్ట్రాట్‌ఫర్డు కూడా చూసి వస్తారు. ఆ స్ట్రాట్‌ఫర్డుకు ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న కవెంట్రీని చూడడానికి పనిగట్టుకొని పోయేవారు అరుదు. సైకిళ్ళకూ మోటార్లకూ పుట్టిల్లు ఆ ఊరు. మా బావమరిది అక్కడ మోటారు ఇంజనీరు కావడం చేత, క్రిందటి వేసవి సెలవుల్లో నేనూ మా ఆవిడా మూడు వారాలు అక్కడ ఉన్నాము.

లండనులో యూస్టను స్టేషనులో రైలెక్కితే గంటకు కవెంట్రీ. ఊరి నడిబొడ్డున గుర్రమెక్కిన ఒక స్త్రీ విగ్రహం ఉంది. ఈమె గోడైవా దొరసాని. సుమారు వెయ్యేళ్ళ క్రిందట, ప్రజల మీద వేసిన పన్ను తగ్గించమని భర్తను వేడుకొంటే, "నువ్వు ఒంటి మీద బట్ట లేకుండా గుర్రమెక్కి ఊరంతా తిరుగు, అప్పుడు చూద్దాం" అన్నాడట ఆ మహానుభావుడు. ఆమె తన జుట్టునే చీరగా కప్పుకొని తిరిగిందట. జనమంతా తలుపులు మూసుకొని ఆమె గౌరవం కాపాడారట. చరిత్రకారులు ఈ కథను నమ్మరు. ఊరివాళ్ళు చెప్పుకోవడం మానరు.

అక్కడికి దగ్గరలోనే పెద్ద చర్చి. ఒకటి కాదు, రెండు. 1940 నవంబరు 14 రాత్రి జర్మను విమానాలు ఊరి మీద బాంబులు కురిపించినప్పుడు మధ్యయుగాలనాటి చర్చి తగలబడి, చుట్టుగోడలూ గోపురమూ మాత్రం మిగిలాయి. యుద్ధం ముగిశాక కొత్త చర్చి నమూనాకు పోటీ పెడితే బాసిల్ స్పెన్స్ అనే వాస్తుశిల్పి నెగ్గాడు. ఆయన ఆ మొండిగోడలను పడగొట్టలేదు, బాగుచేయనూ లేదు. అలాగే ఉంచి, పక్కనే కొత్త చర్చి లేపాడు. 1962 మే నెలలో దానికి ప్రతిష్ఠ జరిగింది. పాతదానిలో నిలబడి తలెత్తితే కప్పుకు బదులు ఆకాశమే. అక్కడ ఒక బల్ల మీద కూర్చొని సాండ్‌విచ్చులు తింటున్న కాలేజీ పిల్లలను చూశాను.

"పాతది బాగుచేయాలా, తీసేసి కొత్తది పెట్టాలా అన్న తగాదా ఈ ఊళ్ళో చర్చితో ఆగలేదు బావగారూ! కార్ల దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది" అన్నాడు మా బావమరిది. ఆదివారం నన్నొక చోటికి తీసుకువెళతానన్నాడు. ఆ ఆదివారం సంగతి చెప్పేముందు ఊరి వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలి.

కవెంట్రీవాళ్ళు మొదట పట్టు రిబ్బన్లు నేసేవాళ్ళు, జేబుగడియారాలు చేసేవాళ్ళు. ఆ పనులు పడిపోయాక కుట్టుమిషన్లు, అవి సాగక సైకిళ్ళు. నేడు మనం తొక్కే సైకిలు, అంటే రెండు సమానమైన చక్రాలూ వెనక చక్రానికి గొలుసూ ఉన్న సైకిలు, 1885లో ఇక్కడ స్టార్లీ అనే ఆయన చేసిన రోవరు సైకిలుకు మనుమడి వరస. ఊళ్ళో రవాణా మ్యూజియంలో ఇవన్నీ వరసగా పెట్టారు. ఆ వరస చివర 1997లో ధ్వనికన్నా వేగంగా నేల మీద పరుగెత్తిన థ్రస్టు బండి ఉంది. దానిలో ఉన్నవి విమానపు ఇంజన్లు. దాని ముందు నిలబడితే కారు ముందు ఉన్నట్టుండదు, రాకెట్టు ముందు ఉన్నట్టుంటుంది. మా ఆవిడ మాత్రం "ఇంతకీ దీన్లో ఎంతమంది కూర్చోవచ్చు?" అని అడిగింది.

ఈ సైకిళ్ళ వ్యాపారానికే జర్మనీ నుంచి వచ్చిన బెట్‌మన్ అనే ఆయన ట్రయంఫ్ అన్న పేరు పెట్టాడు. అది సైకిలు నుంచి మోటారు సైకిలుకూ, అక్కణ్ణించి కారుకూ ఎదిగింది. ఆ జర్మను మనిషినే 1913లో కవెంట్రీ నగరానికి మేయరుగా ఎన్నుకొన్నారు. మరుసటి ఏడు యుద్ధం రాగానే పుట్టుక గుర్తు వచ్చింది జనానికి. లోకం తీరు ఎక్కడైనా ఒకటే. తరువాత, రెండో యుద్ధం చివరి రోజుల్లో, ఆ ఊరిదే అయిన స్టాండర్డు కంపెనీ ట్రయంఫ్ కార్ల విభాగాన్ని కొనుక్కొంది.

స్టాండర్డు అన్న పేరు మనకు చుట్టమే. మద్రాసు శివార్లలో స్టాండర్డు మోటారు వారి ఫ్యాక్టరీ ఉండేది. కవెంట్రీలో 1959లో పుట్టిన ట్రయంఫ్ హెరాల్డు కారును 1961 నుంచి అక్కడ స్టాండర్డు హెరాల్డు పేరుతో తయారు చేశారు. నా చిన్నతనంలో మా ఊరి డాక్టరుగారికి ఒక పాత హెరాల్డు ఉండేది. దాని బానెట్టు మడ్‌గార్డులతో సహా ఒకే ముక్కగా ముందుకు లేచేది. మొసలి నోరు తెరిచినట్టు ఉండేదేమో, మేము పిల్లలం దూరంగా నిలబడి చూసేవాళ్ళం. ఆ కారుకు రూపం దిద్దినవాడు జొవాన్ని మికెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. నా కథకు నాయకుడైన కారు కూడా ఆయన చేతి పనే.

ఆ కారు పేరు స్టాగ్. అంటే దుప్పి. 1960లలో మికెలొట్టి ఒక ట్రయంఫ్ సెడాను కారును అడిగి తీసుకొన్నాడు. పైకప్పు తీసేసి, దానిని సొంపైన ఒక స్పోర్ట్స్ కారుగా మలిచాడు. కంపెనీ ఇంజనీరు హారీ వెబ్‌స్టరు దాన్ని చూసి ముచ్చటపడి, ఇది మాకే కావాలన్నాడు. 1970 జూన్‌లో అది బజారుకు వచ్చింది. నలుగురు కూర్చోవచ్చు, బట్ట కప్పు వెనక్కి ముడుచుకోవచ్చు. కారు పల్టీ కొడితే తలలు పగలకుండా నెత్తిన ఒక ఇనుప కమాను. 1971లో వచ్చిన జేమ్స్‌బాండు సినిమా 'డైమండ్స్ ఆర్ ఫరెవర్'లో కూడా ఈ కారు కనబడుతుంది. ఇంతకన్నా మంచి జాతకం ఏ కారుకుంటుంది? కాని ఇంజను దగ్గర శని పట్టింది.

దీనికి ట్రయంఫ్‌వారు ప్రత్యేకంగా కొత్త ఇంజను తయారు చేశారు. ఎనిమిది సిలిండర్లు, నాలుగు అటూ నాలుగు ఇటూ, వీ అక్షరంలాగా. అడుగుభాగం పోతయినుము, పైనుండే హెడ్లు అల్యూమినియం. మొదట రెండున్నర లీటర్లు అనుకొన్నది చివరకు మూడు లీటర్లయింది. దాని శబ్దం వినితీరాలంటారు. గొంతులో గురగురమంటూ, తృప్తిగా నిద్రపోతున్న పులిలాగా ఉంటుంది.

ఈ ఇంజన్లు ఎందుకు చెడిపోయాయో మా బావమరిది ఒక సాయంకాలం భోజనాల బల్ల మీద చెంచాలూ గిన్నెలూ పెట్టి వివరించాడు. పాఠం నాకు బాగా పట్టింది కనుక చెబుతాను.

ఇంజనులో నీళ్ళు తిప్పే పంపు సాధారణంగా ముందువైపు, క్రిందుగా ఉంటుంది. స్టాగ్‌లో దానిని వీ అక్షరం నడుమ పైన ఎత్తున పెట్టారు. నీళ్ళు కొంచెం తగ్గాయనుకోండి, పంపుకు నీరందదు, గాలి తాగుతుంది. మన బావిలో నీరు దిగినప్పుడు మోటారు ఉత్తినే తిరుగుతుంది చూశారూ, అదే. మన బావి మోటారు కాలితే కాలుతుంది. ఇక్కడ నీరు తిరగని ఇంజనులో అల్యూమినియం హెడ్డు వేడికి వంగిపోతుంది. ఇక హెడ్డుకూ అడుగుభాగానికీ మధ్య గాస్కెట్టు నిలవదు. నీరు నూనెలోకి, నూనె నీటిలోకి.

పోనీ, హెడ్డు విప్పి సాపు చేయిద్దామంటే అదొక కష్టం. హెడ్డును పట్టి ఉంచే బోల్టులు ఒక వరస ఒక కోణంలో, స్టడ్లు మరో వరస ఇంకో కోణంలో దిగుతాయి. ఆ స్టడ్లు కాలక్రమాన అల్యూమినియంలో తుప్పుతో కరుచుకుపోతాయి. కోణాలు వేరైనందువల్ల అవి ఊడిరాకుండా హెడ్డు పైకి లేవదు. వాటిని ఊడదీయడానికి సుత్తి, నూనె, మంట, బూతు అన్నీ వాడి చూసినవాళ్ళున్నారు.

మూడోది గొలుసు. క్రాంకు నుంచి వాల్వులను ఆడించే షాఫ్టులకు పొడుగాటి గొలుసులు రెండు, చెరోవైపూ ఒక్కొక్కటి. అవి ఒంటిపేట గొలుసులు. పాతిక, ముప్ఫై వేల మైళ్ళకు మార్చాలి. మార్చకపోతే సాగుతాయి, సాగి పన్ను దాటి దూకుతాయి. పిస్టను పైకి వచ్చే వేళకు వాల్వు దారి ఇవ్వాలి గదా? గొలుసు దూకిన ఇంజనులో వేళ తప్పి రెండూ ఢీకొంటాయి. ఒక్క క్షణంలో ఇంజను పని సరి.

వీటికి తోడు, పోతపోసినప్పటి ఇసుక సరిగా దులపకుండానే కొన్ని ఇంజన్లు ఫ్యాక్టరీ దాటాయనీ, ఆ మట్టి పోయి రేడియేటరులో అడ్డుపడిందనీ అంటారు. ఆ రోజుల్లో ఆ దేశపు కార్ల కంపెనీలు అనేకం కలిసి బ్రిటిష్ లేలాండు అనే ఉమ్మడి కుటుంబమయ్యాయి. సమ్మెలు, కలహాలు, అప్పులు. 1975లో ప్రభుత్వమే దాన్ని చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ స్టాగ్. అమెరికాలో అమ్మకం 1973తో ఆగిపోయింది. 1977లో తయారీ ఆగేనాటికి మొత్తం 25,877 కార్లు వచ్చాయి.

ఇంజను పోయిన స్పోర్ట్స్ కారు యజమాని పరిస్థితి ఎలా ఉంటుందో మన సాహిత్యంలో ఒక దృష్టాంతముంది. పెద్దనగారి మనుచరిత్రలో ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు రాసుకొని క్షణంలో హిమాలయానికి వెళ్ళాడు. మంచులో పసరు కరిగిపోయింది. ఇక ఇల్లు చేరే దారి లేదు. నా లెక్కన తెలుగు కావ్యాల్లో వాహనం మధ్యదారిలో చెడిపోవడం అదే. ప్రవరుడు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి బయటపడ్డాడు. స్టాగ్ యజమానులకు ఆ వసతి లేక తలొక దారీ పట్టారు.

ఒక దారి, ఉన్న ఇంజనునే విప్పి బాగుచేయించడం. 1970లలో ఇది ఎవరూ సలహా ఇవ్వని దారి. బాగుచేసినా మళ్ళీ అదే రోగం వస్తుందని భయం. వేరొకరి స్టాగ్ నుంచి పాత ఇంజను తెచ్చి పెట్టుకోవచ్చు. దానిలో ఎన్ని రోగాలున్నాయో ఎవరికెరుక? కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడినట్టయినవాళ్ళు లేకపోలేదట.

ఇక మూడో దారి పరకాయ ప్రవేశం. విక్రమార్కుడి కథల్లో ప్రాణం ఒక శరీరం విడిచి మరొక శరీరంలో దూరుతుంది. ఇక్కడ శరీరం అదే, ప్రాణం పరాయిది. కొందరు ఫోర్డువారి మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను తెచ్చి పెట్టారు. అది ఇనుముతో చేసిన మొరటు మనిషి. అందం లేదు, అనారోగ్యం లేదు. కొందరు ట్రయంఫ్ పెద్ద సెడానులో ఉండే ఆరు సిలిండర్ల ఇంజను పెట్టారు. ఇంటి పేరైనా నిలుస్తుందని కాబోలు. అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చుకొన్నది మాత్రం రోవరు ఇంజను.

ఈ రోవరు ఇంజను కథ వేరే ఒక నవలకు సరిపోతుంది. నిజానికది అమెరికాలో పుట్టింది. 1961లో బ్యూకు కార్లకోసం చేసిన తేలికపాటి అల్యూమినియం ఇంజను అది. మూడేళ్ళకే అక్కడివాళ్ళు మానేశారు. రోవరు కంపెనీ పెద్ద మార్టిన్-హర్‌స్టు అమెరికా వెళ్ళినప్పుడు ఒక పడవ ఇంజన్ల కంపెనీలో దాన్ని చూసి ఆశపడి, 1965లో హక్కులు కొనుక్కు వచ్చాడు. 1967 నుంచి రోవరు కార్లలో పెట్టారు. ముప్ఫై ఏళ్ళకు పైగా నడిచింది. అమెరికావాళ్ళు వద్దని పారేసిన సొమ్ము ఇంగ్లండుకు అన్నం పెట్టింది.

విశేషమేమిటంటే, స్టాగ్ బజారుకు వచ్చేనాటికి రోవరూ ట్రయంఫూ ఒకే ఉమ్మడి కుటుంబంలో ఉన్నాయి. ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఎవరి పొయ్యి వాళ్ళు రాజేసినట్టు, రెండు వీ-8 ఇంజన్లు. "ఆ రోవరు ఇంజనే దీనిలో పెట్టరాదా?" అంటే, పట్టదన్నారట కొందరు. సరిపడా తయారు కావడం లేదన్నారట ఇంకొందరు. కంపెనీ పట్టదన్న ఇంజనును తరువాత తమ ఇంటి షెడ్లలో, పెరటి చెట్ల క్రింద, ఒక గొలుసుకప్పీ సాయంతో వందలమంది పట్టించారు. స్టాగ్ ఇంజనుకన్నా ఇది తేలిక కనుక ముందుభాగం కాస్త పైకి లేచేది. స్ప్రింగులు మార్చాలి, ఇంజను కూర్చునే దిమ్మలు మార్చాలి, పొగగొట్టాలు కొత్తగా వంచాలి. మన దేశంలో పెట్రోలు అంబాసిడర్లలో డీజిలు ఇంజన్లు దించి టాక్సీలుగా తిప్పిన మేస్త్రీలకు ఇవన్నీ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆదివారం సంగతి. ఊరికి పది మైళ్ళలో ఒక పాత జమీందారీ భవనం ముందు పచ్చిక బయలు. దాని నిండా పాత కార్లు. మన సంక్రాంతికి ఎడ్లను అలంకరించి నిలబెట్టినట్టు తుడిచి మెరుగుపెట్టి నిలబెట్టారు. పక్కన మడత కుర్చీల్లో యజమానులు, ఫ్లాస్కుల్లో టీ. బానెట్లన్నీ ఎత్తే ఉన్నాయి. వాటిలో స్టాగులు ఒక ఇరవై దాకా ఉన్నాయి. మనం పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగినట్టు అక్కడ ఒకరినొకరు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "సొంత ఇంజనేనా?"

ఒకప్పుడు ఆ ప్రశ్నకు "కాదు" అని చెప్పడం గొప్ప. ఇప్పుడు "అవును" అనడం గొప్ప. నవ్విన నాపచేనే పండినట్టు, స్టాగ్ సొంత ఇంజను పరువు మళ్ళీ లేచింది. కారణం మంత్రమేమీ కాదు. ఏళ్ళ తరబడి కొందరు ఓపికగా దాని జబ్బులు తెలుసుకొన్నారు. అడుగుభాగాన్ని లోపల శుభ్రంగా కడగాలి. పెద్ద రేడియేటరు పెట్టాలి. చలికాలంలోనే కాక ఏడాది పొడుగునా తుప్పు ఆపే ద్రవం నీళ్ళలో కలపాలి. గొలుసులు వేళకు మార్చాలి. ఇంతే. ఇవి చేసినవాళ్ళ ఇంజన్లు హాయిగా నడుస్తున్నాయి. దీనికి సాక్ష్యం స్వీడనులో ఉంది. స్టాగ్ ఇంజనులో సగంలాంటి నాలుగు సిలిండర్ల ఇంజనును ట్రయంఫ్‌వారు సాబ్ కంపెనీకి చేసి ఇచ్చేవారు. 1972 నుంచి సాబ్ దానిని తన దేశంలోనే తయారు చేసుకొని, లోపాలు దిద్దుకుంటూ పోయింది. ఆ వంశం ఎన్నో ఏళ్ళు నడిచింది.

ఈ మాట వినగానే, ఇంజను మార్చినవాళ్ళు తొందరపడ్డారని తేల్చేయడం సులభం. ఆ బయలులో కొందరు అలాగే మాట్లాడారు కూడా. నాకది సబబుగా తోచలేదు. 1980లలో ఇంజను పోయిన స్టాగ్‌కు పాత ఇనుము ధర తప్ప విలువ లేదు. ఆ రోజుల్లో ఫోర్డో రోవరో ఏదో ఒక ఇంజను దించి రోడ్డెక్కించి ఉండకపోతే ఆ కార్లు చాలావరకు ఏనాడో తుక్కయ్యేవి. ఈనాడు సొంత ఇంజను తిరిగి పెట్టుకుందామన్నా పెట్టడానికి ఒళ్ళు మిగిలేది కాదు. పరాయి ఇంజను పెట్టినవాళ్ళ పుణ్యమే ఇది.

ఆ బయలులో ఒక పక్కగా, ముదురు ఆకుపచ్చ రంగు స్టాగ్ దగ్గర ఒక ముసలాయన కూర్చున్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ళట. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన యాస నాకు సగమే అందింది. మిగతా సగం మా బావమరిది అందించాడు. ఎత్తి ఉన్న బానెట్టు క్రింద రోవరు ఇంజను.

"1984లో కొన్నాను. ముందు యజమాని ఒక్కసారీ గొలుసు మార్చలేదు. వాల్వులన్నీ వంగిపోయి ఉన్నాయి. నెలజీతంలో కొంత పెట్టి కొన్నాను. మా ఆవిడ రెండు వారాలు నాతో మాట్లాడలేదు" అన్నాడు ఆయన.

"రెండు కాదు, మూడు" అన్నది పక్క కుర్చీలోంచి ఆవిడ, అల్లిక ఆపకుండా. మా ఆవిడ వెంటనే ఆమె పక్కన కుర్చీ వేసుకొంది.

గుద్దుకొని తుక్కయిన రోవరు కారు నుంచి ఇంజను తెచ్చి, తమ్ముడి సాయంతో ఆ శీతాకాలమంతా కష్టపడి పెట్టాడట. అప్పటి నుంచి అదే నడుస్తోంది. ఆ కారులోనే ఇద్దరు కూతుళ్ళు పెళ్ళికి చర్చికి వెళ్ళారు. స్కాట్లండు దాకా పోయి వచ్చారు. అయితే ఆయన పాత ఇంజనును పారేయలేదు. గోనె కప్పి షెడ్డులో ఓ మూల పెట్టాడు. ఇప్పుడు తీరిక ఉంది, విడిభాగాలన్నీ దొరుకుతున్నాయి. సొంత ఇంజనుతో ఉంటే ధర ఎక్కువ పలుకుతుంది. మనుమడేమో రెండూ వద్దు, బ్యాటరీలు పెట్టి ఎలెక్ట్రిక్ మోటారు బిగిద్దామంటున్నాడు. ఇంగ్లండులో పాత కార్లను అలా మార్చి ఇచ్చే కార్ఖానాలు ఉన్నాయి. పొగ లేదు, చప్పుడు లేదు, హెడ్డు వంగే బెడదే లేదు. "చప్పుడు లేకపోతే ఇక స్టాగ్ ఎందుకు? కుర్చీలో కూర్చోవచ్చుగా!" అని ముసలాయన ఉడుక్కున్నాడు.

చట్టం కూడా ఇందులో కొంత తల దూర్చింది. నలభై ఏళ్ళు దాటిన కారుకు అక్కడ రోడ్డు పన్ను మినహాయింపు. 2018లో వచ్చిన నిబంధనలతో ఏటేటా చేయించవలసిన తనిఖీ కూడా తప్పింది, బండిలో పెద్ద మార్పులు చేయకపోతే. సిలిండర్ల సంఖ్య మారితే పెద్ద మార్పు కింద లెక్కించే అవకాశముందని ఆ నిబంధనల్లో ఉంది. ఎనిమిది తీసి ఎనిమిది పెట్టినవాడికి చిక్కు తక్కువ, ఆరు పెట్టినవాడు ఆలోచించుకోవాలి. అయితే వాళ్ళు చూసేది గత ముప్ఫై ఏళ్ళలో జరిగిన మార్పులను. మన ముసలాయన ఇంజను మార్చి ఆ గడువు ఏనాడో దాటింది. అంచేత చట్టం ఆయనను ఎటూ తోయలేదు. తేల్చుకోవలసింది ఆయనే.

"మరి ఏది పెడతారు?" అని అడిగాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఒక గుడ్డతో రోవరు ఇంజను మీద లేని దుమ్ము తుడిచాడు. "పాతది ఫ్యాక్టరీలో పెట్టినది, నిజమే. కాని అది ఈ కారులో ఉన్నది పదేళ్ళు. ఇది నలభై ఏళ్ళు. ఒక్కనాడు నన్ను దారిలో దింపలేదు. నా పిల్లలకు తెలిసిన చప్పుడు దీనిదే. ఇప్పుడు దీన్ని పట్టుకొని, నువ్వు అసలుదానివి కావు, దిగు అనడమెలాగ?"

నాకు తెలియకుండానే "నిజమే సుమా" అన్నాను తెలుగులో. దానికి ఆయన తలూపాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా బావమరిది కారును కేన్లీ మీదుగా పోనిచ్చాడు. స్టాగులూ హెరాల్డులూ తయారైన ఫ్యాక్టరీ ఉన్న చోటు అది. అక్కడ కార్ల తయారీ 1980లో ఆగింది. ఇప్పుడు దుకాణాలు, ఆఫీసులు. ఒక వీధికి మాత్రం హెరాల్డు ఎవెన్యూ అని పేరు. దానికి దగ్గరలోనే బేనరు లేన్. అక్కడ 1946 నుంచి ఫెర్గూసను ట్రాక్టర్లు చేసేవారు. ఆ ట్రాక్టరులో ఉన్న స్టాండర్డు ఇంజను రకమే వాన్‌గార్డు అనే కారులోనూ, 1953లో వచ్చిన టి.ఆర్.2 అనే స్పోర్ట్స్ కారులోనూ ఉండేది. పొలం దున్నే ఎద్దుకూ పందెపు గుర్రానికీ ఒకే గుండె అన్నమాట.

"ఆ ఇంజను చివరకు ఎక్కడ తేలిందో తెలుసా బావగారూ? మన మద్రాసులో" అన్నాడు. 1985లో మద్రాసు స్టాండర్డు వారు స్టాండర్డు 2000 అనే పెద్ద కారు విడుదల చేశారు. ఒళ్ళు ఇంగ్లండులో ఖరీదైన రోవరు కారుది. అక్కడ దానిలో ఏ ఇంజను వేసేవారనుకొన్నారు? ఇందాకటి అల్యూమినియం వీ-8 కూడా ఉండేది. ఇక్కడ పెట్టింది వాన్‌గార్డు కాలంనాటి ఆ పాత రెండు లీటర్ల ఇంజను. పట్టుచీర కట్టుకొని రోకలి పట్టుకొన్నట్టయింది. ధర ఎక్కువ, పరుగు తక్కువ, పెట్రోలు దాహం మరీ ఎక్కువ. 1988కల్లా దాని తయారీ ఆగిపోయింది. కవెంట్రీలో పెరటి షెడ్లలో తపాలా గుమాస్తాలు సాధించిన గుండెమార్పిడిని ఒక ఫ్యాక్టరీ సాధించలేకపోయింది. ఒక విషయం గమనించాలి: వాళ్ళు దించిన ఇంజను ఆ బండి బరువుకు తగినది.

మేము బయలుదేరే ముందు వారం ఆ దంపతులు మమ్మల్ని టీకి పిలిచారు. మా ఆవిడ జంతికలు చేసి తీసుకువెళ్ళింది. టీ అయ్యాక ముసలాయన మమ్మల్ని షెడ్డుకు తీసుకువెళ్ళాడు. ఇనుప స్టాండు మీద పాత ఇంజను. ఒక హెడ్డు ఊడి వచ్చింది, రెండోది రాలేదు; కరుచుకుపోయిన స్టడ్లను తొలిచి తీసే పనివాడికోసం చూస్తున్నాడట. లోపలి నుంచి తోడిన తుప్పుమడ్డి ఒక జాము సీసాలో పోసి అలమరలో పెట్టుకొన్నాడు. కొత్త గొలుసులు రెండూ నూనె కాగితంలో చుట్టి సిద్ధంగా ఉన్నాయి.

"అయితే నిర్ణయమైపోయిందా?" అని అడిగాడు మా బావమరిది.

"దీన్ని బాగుచేస్తాను. కారులో పెడతానని మాత్రం అనలేదు" అన్నాడు ఆయన. సిలిండర్లు పట్టేయకుండా నెలకొకసారి క్రాంకును చేత్తో తిప్పుతాడట. ఆ నెల ఇంకా తిప్పలేదట. పొడుగాటి పానా ఒకటి నా చేతికిచ్చి ఎటువైపు తిప్పాలో చూపించాడు. బరువుగా ఉంది. రెండు చేతులా పట్టి లాగితే లోపల నాలుగు పిస్టన్లు పైకీ నాలుగు క్రిందికీ మెల్లగా కదిలాయి.